ఇన్‌ఫ్లమేషన్‌కి వాపు అనాలా, మంట అనాలా, కందడమా?

పిల్లల ఆస్తమా గురించి అమ్మానాన్నల కోసం ఒక కరపత్రం రాస్తున్నా, మొదటి వాక్యంలోనే ఇన్‌ఫ్లమేషన్ దగ్గర ఆగిపోయా. ఆ మాటకి మూలమైన లాటిన్ క్రియకి నిప్పంటించడం అని అర్థం, అందుకే కొందరు మంట అంటారు, కానీ ఊపిరి గొట్టాల్లో మంట అని రాస్తే మా వాడికి మంటేం లేదండీ అంటారు. శోథ పుస్తకాల్లో మాట, ఇంట్లో ఎవరూ అనరు. వాపు అంటే అందరికీ తెలుసు గానీ వాపు కంటికి కనబడాలి అనుకుంటాం, దగ్గు తగ్గగానే వాపూ పోయిందనుకుని స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఆపేస్తారు, లోపల అది సాగుతూనే ఉంటుంది. నా బాధంతా అదే. ఏం రాయమంటారు?

— కందడం అనొచ్చు కదండీ. ఎండకి కందిన చర్మం ఎర్రగా వేడిగా ఉంటుంది, కాస్త తగిలినా చురుక్కుమంటుంది. ఆస్తమా ఉన్న పిల్లల గొట్టాలూ అంతే, వేరేవాళ్లకి ఏమీ కాని చల్లగాలికి కూడా బిగుసుకుపోతాయి. వాపు అన్న మాటలో ఈ తట్టుకోలేకపోవడం రాదు.

— కందడం నాకూ నచ్చింది, కాకపోతే అది బయట నుంచి తగిలిన దెబ్బలా వినిపిస్తుంది, ఇక్కడ ఒంట్లోవాళ్లే ఒకరికొకరు కబురు పెట్టుకుంటున్నారు. పుప్పొడో వైరస్సో తగలగానే గొట్టం లోపొర కణాలు ఐఎల్-33 (ఐఎల్ అంటే ఇంటర్‌ల్యూకిన్), టీఎస్ఎల్‌పీ లాంటి కబురు ప్రోటీన్లు వదుల్తాయి, అవి అందుకున్న తెల్లకణాలు మళ్లీ తమ కబుర్లు పంపుతాయి, ఐఎల్-4 ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీని తయారుచేయిస్తుంది, ఐఎల్-5 ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాల్ని పెంచుతుంది, ఐఎల్-13 వల్ల జిగట కఫం ఎక్కువవుతుంది. అందరు పిల్లల్లో ఇదే దారి కాదు, చాలామందిలో ఇదే. ఇంటర్‌ల్యూకిన్ అనే పేరు 1979లో ఖాయం చేశారు, తెల్లకణాల మధ్య తిరిగేది అని అర్థం, తీరా ఐఎల్-33ని వదిలేవాటిలో ముఖ్యమైనవి ఈ లోపొర కణాలే! అందుకే సంకేత అణువు అనే బరువు మాట కన్నా కబురు నయం, ఎవరు పంపినా కబురు కబురే.

— ఇద్దరికీ చాలా థాంక్సండీ. ఇలా మార్చా, తప్పుంటే చెప్పండి: "దగ్గు లేని రోజుల్లో కూడా గొట్టాల లోపొర కంది, వాచి ఉండొచ్చు. అప్పటికప్పుడు ఉపశమనం ఇచ్చే సాల్బుటమాల్ బిగిసిన కండరాన్ని వదులు చేస్తుంది, కందిన పొరని మాన్పదు. పొర కందేలా కణాలు పంపుకునే కబుర్లని తగ్గించేది రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్, డాక్టర్‌ని అడక్కుండా ఆపకండి."