రోగం వస్తే మందను చంపడమేనా? టీకా వేయకూడదా?

తూనీగ:
చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న ఇది. ఒక షెడ్డులో నాలుగు కోళ్లకు బర్డ్ ఫ్లూ అని తేలితే చాలు, ఆ షెడ్డులోని కోళ్లన్నిటినీ, చాలాసార్లు చుట్టుపక్కల షెడ్లలోవాటిని కూడా చంపి పూడ్చేస్తారు. 2020 నవంబరులో డెన్మార్క్ ఇంకా దూరం వెళ్లింది. బొచ్చు కోసం పెంచే మింకులు అనే చిన్న జంతువులకు మనుషుల నుంచి కరోనా సోకింది. అక్కడ కాస్త రూపం మార్చుకుని తిరిగి మనుషుల్లోకి వస్తోందని భయపడి, దేశంలోని మింకులన్నిటినీ చంపమని ప్రభుత్వం ఆదేశించింది. ఒకటీ రెండూ కాదు, దాదాపు 1.7 కోట్లు. తీరా చూస్తే రోగం లేని ఫారాల్లోవాటిని చంపమనే అధికారమే చట్టంలో లేదట! వ్యవసాయ మంత్రి రాజీనామా చేశారు. హడావిడిగా పూడ్చిన కళేబరాలు కుళ్లి, ఉబ్బి, మట్టిని తోసుకుని పైకి వచ్చాయి. మళ్లీ తవ్వి తీసి కాల్చాల్సి వచ్చింది.

మనిషికి రోగం వస్తే టీకా, జంతువుకు వస్తే గొయ్యి. ఇది శాస్త్రమా, అలవాటా? తెలిసినవారు చెప్పండి.

పశువైద్యుడు:
శాస్త్రమే. అలవాటు కూడా కావచ్చు, కానీ ముందు శాస్త్రం.

ఈ రోగం షెడ్డులో ఎలా నడుస్తుందో దగ్గర నుంచి చూసినవాళ్లకు చంపడం ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. మొదట తగ్గేది మేత, నీళ్లు. తరవాత చప్పుడు తగ్గుతుంది. వేల కోళ్లున్న షెడ్డు మూగబోతే వినడానికే భయంగా ఉంటుంది. జుట్టు నీలంగా మారుతుంది, కాళ్ల మీద ఎర్రటి మచ్చలు వస్తాయి, రెండు మూడు రోజుల్లో కుప్పలు కుప్పలుగా పడిపోతాయి. ఈలోగా ప్రతి కోడీ రెట్టలోనూ చీమిడిలోనూ వైరస్‌ను కుమ్మరిస్తూనే ఉంటుంది. మందలోని కోళ్లు ఎలాగూ బతకవు. అవి బతికున్న ప్రతి గంటా పక్క షెడ్డుకు ముప్పే.

1997లో హాంకాంగ్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. బర్డ్ ఫ్లూ వైరస్‌లలో హెచ్5ఎన్1 అనే రకం మొదటిసారి మనుషులకు సోకింది. 18 మందికి వస్తే ఆరుగురు చనిపోయారు. వైరస్ బతికున్న కోళ్లమ్మే మార్కెట్లలో తిరుగుతోందని తెలిసింది. డిసెంబరు చివర అక్కడున్న కోళ్లన్నిటినీ, పది లక్షలకు పైగా, కొద్ది రోజుల్లో చంపేశారు. ఆ విడత అక్కడితో ఆగింది. టీకా కోసం ఆగుదాం అనుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి నాకు మనసు రాదు.

గుడ్లబుట్ట:
డాక్టరుగారూ, మీరు చెప్పిన ఆ నిశ్శబ్దం నేను విన్నాను. నా షెడ్డులోనే.

మొదటి రోజు ఆరు చచ్చాయి. ఎండ దెబ్బ అనుకున్నాను. రెండో రోజు నలభై దాకా. కొక్కెర తెగులేమో అనుకున్నాను, దానికి టీకా వేయించానే అని అనుమానం. మూడో రోజు లెక్కపెట్టడం మానేశాను. ఫోను చేతిలో పట్టుకుని గంటసేపు కూర్చున్నాను. చెబితే మిగిలినవన్నీ పోతాయి. చెప్పకపోతే? ఆ సాయంత్రమే ఒక వ్యాపారి ఫోను చేశాడు. ఎలా తెలిసిందో మరి! బతికున్నవి సగం ధరకు రాత్రికి రాత్రి ఎత్తుకుపోతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎంత సేపు ఆలోచించానో మాత్రం ఇక్కడ రాయను.

మీ చర్చంతా చంపాలా, టీకా వేయాలా అని. నా వైపు నుంచి ప్రశ్న వేరే: రైతు ఎందుకు చెప్పాలి? పరిహారం బతికున్న కోడికే, అప్పటికే చచ్చినదానికి లేదు. మేత బాకీ, బ్యాంకు బాకీ, ఖాళీ షెడ్డుతో గడిపే నెలలు ఎవరి లెక్కలోకీ రావు. వైరస్‌కు రెక్కలున్నాయి, నిజమే. కానీ అది ఎక్కువగా ఎక్కేది లారీ చక్రాల మీద, గుడ్ల అట్టల మీద, పంజరాల మీద, మా చెప్పుల మీద.

తూనీగ:
గుడ్లబుట్టగారూ, ఇంత నిజాయితీగా రాసినందుకు ధన్యవాదాలు. అయితే టీకా సంగతి ఏమిటి? అది ఉంటే మీరు ఆ గంటసేపు అలా కూర్చోవాల్సిన పనే ఉండేది కాదు కదా?

సూక్ష్మదర్శిని:
ప్రయోగశాలలో పనిచేసే మనిషిని. ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది.

టీకా వేసిన కోడి చాలావరకు చావదు. కానీ వైరస్ సోకకుండా ఉంటుందని హామీ లేదు. వేసిన టీకా తిరుగుతున్న వైరస్‌కు సరిగ్గా సరిపోకపోతే, కోడి హాయిగా మేత మేస్తూనే కొద్దికొద్దిగా వైరస్ విసర్జించవచ్చు. అంటే పశువైద్యుడుగారు చెప్పిన నీలం జుట్టు, మూగబోయిన షెడ్డు, ఆ హెచ్చరికలేవీ ఉండవు. మెక్సికోలో 1995 నుంచి హెచ్5ఎన్2కు కోళ్లకు టీకాలు వేశారు. వైరస్ పూర్తిగా పోలేదు, ఏళ్లు గడిచేకొద్దీ టీకాకు దూరంగా జరుగుతూ పోయింది. దిగుమతి చేసుకునే దేశాలు టీకా వేసిన కోళ్లంటే ముఖం తిప్పుకోవడానికి ఇదొక కారణం.

ఇది నాణేనికి ఒక వైపు. రెండో వైపు చైనా. 2013లో అక్కడ హెచ్7ఎన్9 బయటపడింది. 2017 నాటికి 1500 మందికి పైగా మనుషులకు సోకింది. విచిత్రం ఏమిటంటే మొదటి నాలుగేళ్లూ ఆ వైరస్ కోళ్లను జబ్బు చేయనే లేదు. కోడి నిక్షేపంగా ఉంటుంది, దాన్ని కొన్న మనిషి ఆసుపత్రిలో ఉంటాడు. రోగం కనిపించిన మందను చంపుదాం అంటే కనిపించేదేదీ? 2017 సెప్టెంబరు నుంచి దేశమంతటా కోళ్లకు హెచ్5, హెచ్7 కలిపిన టీకా వేశారు. ఆ తరవాతి చలికాలం మనుషుల కేసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతకు పడిపోయాయి. ఫ్రాన్స్ కూడా 2023 అక్టోబరు నుంచి బాతులకు టీకా తప్పనిసరి చేసింది. అక్కడ ఫారాల్లో రోగం బాగా తగ్గింది.

కాబట్టి టీకా పనిచేస్తుంది. కానీ టీకా వేసి ఇంటికి వెళ్లి పడుకుంటే పనిచేయదు. రోజూ చచ్చే నాలుగైదు కోళ్ల గొంతు నమూనాలు తీయాలి. మందలో కొన్నిటిని టీకా వేయకుండా కాపలాకు ఉంచాలి. వైరస్ దొంగచాటుగా దూరితే ముందు అవే పడిపోతాయి.

వాదనల పుట్ట:
కోళ్ల దగ్గరే ఆగిపోయారేమిటి? ఇలాంటి ఎన్నో రోగాల అసలు పుట్టిల్లు గబ్బిలాలు కదా. నిపా, మార్‌బర్గ్, సార్స్ లాంటి ప్రాణాంతక వైరస్‌లన్నీ అక్కడివే. మూలాన్ని వదిలేసి కొమ్మలు నరకడం ఎందుకు?

రాత్రిపిట్ట:
ఎదురుచూస్తూనే ఉన్నాను, ఈ మాట ఎవరో ఒకరు అంటారని.

మూలాన్ని నరికి చూసినవాళ్లున్నారు. ఉగాండాలో కిటాకా అనే గనిలో 2007లో పనివాళ్లకు మార్‌బర్గ్ సోకింది. లోపల వేల గబ్బిలాలు. మరుసటి ఏడాది వాటిని దాదాపు తుడిచిపెట్టారు. 2012లో ఆ చుట్టుపక్కలే మళ్లీ మార్‌బర్గ్ వచ్చింది, మునుపటికన్నా పెద్దగా. శాస్త్రవేత్తలు గనిలోకి వెళ్లి చూస్తే కొత్త గబ్బిలాలు చేరి ఉన్నాయి. చంపకముందు వాటిలో సుమారు 5 శాతానికి వైరస్ ఉండేది. ఇప్పుడు 13 శాతం. ఖాళీ అయిన గూటికి బయటి నుంచి వచ్చినవాటిలో పాత వైరస్‌కు తట్టుకునే శక్తి లేదు, అది కొత్తగా అంటుకుంది. ఇంతకన్నా సరళంగా ఎలా చెప్పాలో తెలియదు.

ఆస్ట్రేలియాలో హెండ్రా వైరస్ 1994లో గుర్రాల్లో, వాటిని సాకినవాళ్లలో బయటపడింది. అక్కడ పాతికేళ్ల లెక్కలు తీస్తే తేలిందేమిటి? చలికాలంలో పూలిచ్చే అడవి చెట్లు నరికేస్తే, తేనె దొరకని గబ్బిలాలు గుర్రపు మేతపొలాల పక్క చెట్లకు వచ్చాయి. ఆకలితో ఉన్న గబ్బిలం ఎక్కువ వైరస్ విడుస్తుంది. అడవి విరగపూసిన చలికాలం అవి వెనక్కి వెళ్లిపోయాయి, గుర్రాలకు రోగం రాలేదు. అంటే గబ్బిలాన్ని చంపడం కాదు, దానికి అన్నం పెట్టడం రోగనివారణ!

అన్నిటికన్నా చవకైన ఉపాయం బంగ్లాదేశ్‌ది. అక్కడ చలికాలం ఈతరసం పచ్చిగా తాగుతారు. రాత్రిపూట కెమెరాలు పెట్టి చూస్తే, చెట్టుకు చెక్కిన గాటు దగ్గర గబ్బిలం తలకిందులుగా వేలాడుతూ కారుతున్న రసాన్ని నాకుతోంది, అక్కడే మూత్రం పోస్తోంది. తెల్లవారి ఆ కుండలోదే మనిషి తాగుతాడు. పరిష్కారం? గాటు చుట్టూ ఒక వెదురు తడిక. గబ్బిలం దరికి రాలేదు, చెట్టు బాగుంది, గబ్బిలం బాగుంది.

వాదనల పుట్ట:
తడికల కథ బాగుంది. మరి మలేసియా సంగతి చెప్పరేం? 1998-99లో నిపా వచ్చి వంద మందికి పైగా చనిపోయారు. పది లక్షల పందులను చంపితేనే కదా ఆగింది? అక్కడ ఏ తడిక కట్టారు?

రాత్రిపిట్ట:
మంచి దెబ్బే కొట్టారు. అవును, పందులను చంపితేనే ఆగింది, కాదనను. కానీ అంతదాకా ఎలా వచ్చిందో కూడా చెప్పండి. పంది కొట్టాల పక్కనే మామిడి తోటలు. గబ్బిలం కొరికి వదిలిన పండు కొట్టంలో పడింది, పంది తింది. వేలకువేల పందులు దగ్గుకుంటూ ఒకదానికొకటి అంటించుకున్నాయి. రోగాన్ని మొదట దోమల వల్ల వచ్చే జపనీస్ మెదడువాపు అనుకుని మందు పొగ కొట్టారు, నెలలు గడిచిపోయాయి. ఈలోగా భయపడిన రైతులు పందులను అయినకాడికి అమ్మేశారు. అవి లారీలెక్కి దక్షిణానికి వెళ్లాయి, వాటితోపాటు వైరస్ కూడా. పైన గుడ్లబుట్టగారికి ఫోను చేసిన వ్యాపారి గుర్తున్నాడా? అదే లారీ. ఆఖరికి సింగపూర్ కబేళా పనివాళ్లకూ సోకింది.

చంపిన పందులకు ఒక లక్షణం ఉంది: అవి కొట్టంలో ఉన్నాయి. ఎగిరిపోలేవు, ఖాళీ అయిన చోటికి అడవి నుంచి కొత్తవి రావు. గనిలోని గబ్బిలానికీ కొట్టంలోని పందికీ తేడా అదే.

కుక్కలది మాత్రం గబ్బిలాల కథే. బాలి ద్వీపంలో 2008లో రేబిస్ అడుగుపెట్టింది. విషం పెట్టి కుక్కలను చంపారు, కొన్నిచోట్ల టీకా వేసినవాటిని కూడా. రోగం ద్వీపమంతా పాకింది. 2010లో ద్వీపమంతటా టీకాలు మొదలుపెట్టాక మనుషుల మరణాలు బాగా తగ్గాయి. పూర్తిగా పోలేదనుకోండి. వందలో డెబ్బై కుక్కలకు టీకా ఉంటే గొలుసు తెగుతుంది. టీకా ఉన్న కుక్కను చంపితే దాని చోటులోకి టీకా లేని పిల్ల వస్తుంది.

పశువైద్యుడు:
కుక్కల విషయంలో మీతో వాదం లేదు. ఇంకా ముందుకు వెళ్లి చెబుతాను. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వచ్చినప్పుడు 60 లక్షలకు పైగా పశువులను చంపారు, వాటిలో ఎన్నిటికో రోగమే లేదు. గాలికుంటు మనిషికి ప్రమాదకరం కూడా కాదు. అదే ఏడాది ఉరుగ్వే ఆవులూ ఎద్దులన్నిటికీ టీకాలు వేసి అదుపులోకి తెచ్చింది. ముసర రోగాన్ని 2011 నాటికి భూమి మీద లేకుండా చేసింది కూడా టీకాయే, అందులోనూ ఎండలో మోసుకెళ్లినా చెడని టీకా. మా వృత్తిలో ఇంతకన్నా గర్వపడే విషయం లేదు.

కానీ ముసర వైరస్ ఒకటే రకం, ఒకసారి టీకా వేస్తే పశువుకు జీవితకాలం రక్ష. ఫ్లూ అలాంటిది కాదు. ఏటా వేషం మారుస్తుంది, అడవి బాతులతో ఖండాలు దాటుతుంది. రెండిటినీ ఒకే గాట కట్టకండి.

తూనీగ:
అయితే ఇది చెప్పండి డాక్టరుగారూ. 2024 మార్చిలో అమెరికాలో అదే హెచ్5ఎన్1 పాడి ఆవుల్లో బయటపడింది. అక్కడ ఆవుల మందలను చంపలేదు. అదే వైరస్ పక్కనున్న కోళ్ల ఫారంలోకి వెళితే మాత్రం లక్షల కోళ్లను చంపారు. మరి వైరస్‌ను బట్టి నిర్ణయిస్తున్నామా, జంతువు ధరను బట్టా?

పశువైద్యుడు:
కొంత ధర కూడా. అబద్ధం చెప్పను. కానీ ఆవు చాలావరకు కోలుకుంటుంది, కోడి కోలుకోదు. ఆవులో వైరస్ ఎక్కువగా పొదుగులో ఉంటుంది, ఒక ఆవు నుంచి మరో ఆవుకు ముఖ్యంగా పాలు పితికే యంత్రాల ద్వారా వెళుతుంది. యంత్రాన్ని కడగవచ్చు, పాలను వేడిచేస్తే వైరస్ చస్తుంది. గాలిని కడగలేం.

సూక్ష్మదర్శిని:
ఇక్కడ డాక్టరుగారితో నాకు పేచీ ఉంది. ఆ ఫారాల్లో పచ్చిపాలు తాగిన పిల్లులు చచ్చిపోయాయి. పాలు పితికే పనివాళ్ల కళ్లు ఎర్రబడ్డాయి. పక్షి వైరస్ కణంలోకి దూరడానికి పట్టుకునే గొళ్లెం ఒక రకం, మన ముక్కులో గొంతులో ఎక్కువగా ఉండేది వేరే రకం. అందుకే బర్డ్ ఫ్లూ మనిషికి సోకినా సాధారణంగా ఆ మనిషి దగ్గరే ఆగిపోతుంది. పాలిచ్చే జంతువుల శరీరంలో ఎన్ని రోజులుంటే మన గొళ్లేనికి అలవాటు పడే అవకాశాలు అన్ని. ఆవు కోలుకుంటోంది కదా అని ఊరట చెందడం ఆవు వైపు నుంచి సరే. నా దృష్టిలో మనిషికి ముప్పు చచ్చే కోడి కన్నా కోలుకునే ఆవులోనే ఎక్కువ, కోడి ఎక్కువ రోజులు బతకదు గనుక.

వాదనల పుట్ట:
అంటే ఆవులను చంపమంటారా?

సూక్ష్మదర్శిని:
టీకా వేయమంటాను. కోళ్లకు కూడా, కాపలా కోళ్లతో సహా. టీకాను దాటి వైరస్ వచ్చిన షెడ్డును మాత్రం ఆ రోజే ఖాళీ చేయాలి.

గుడ్లబుట్ట:
ఆ కాపలా కోళ్ల సంగతి వివరంగా చెప్పండి. ఎన్ని ఉంచాలి? మందలో కలిసిపోతే గుర్తుపట్టేదెలా?

సూక్ష్మదర్శిని:
కొన్ని పదులు చాలు, షెడ్డు పొడవునా అక్కడక్కడా ఉండాలి. కాలికి రంగు కడియం వేస్తారు. ఎప్పటికప్పుడు ఒకరు వచ్చి వాటి రక్తం తీసుకుని వెళతారు. రక్తంలో ఫ్లూకు యాంటీబాడీలు కనిపిస్తే వైరస్ లోపలికి వచ్చినట్లే.

గుడ్లబుట్ట:
సరే. రక్తం తీయడానికి వచ్చే ఆ మనిషి, నా షెడ్డుకు రాకముందు ఆ పొద్దున ఎవరి షెడ్డులో ఉన్నాడు?