అనుమస్తిష్కంలో ఉన్నది ‘అను’వా, ‘అణు’వా?

ప్రశ్న: జీవశాస్త్రం పుస్తకంలో ‘అనుమస్తిష్కం’ అని ఉంటే పిల్లలు ‘అణుమస్తిష్కం’ అని రాస్తున్నారు. చిన్నదే కాబట్టి ‘అణు’ అన్నా తప్పులేదా? ‘చిన్నమెదడు చితికిందా’ అంటుంటారే, ఆ చిన్నమెదడూ ఇదేనా?

జవాబు: ‘అను’ అనే రాయాలండీ. అనుజుడు, అనుచరుడు అన్న మాటల్లో ఉన్న ఉపసర్గే ఇది. వెంట, తర్వాత అని అర్థం. మస్తిష్కం అంటే పెద్దమెదడు, దాని వెనకనుండేది అనుమస్తిష్కం. తల వెనక మధ్యలో తడిమితే చిన్న బొడిపె తగులుతుంది. దానికి కాస్త దిగువన, ఎముక లోపల, పెద్దమెదడు వెనకభాగం కింద ఇది ఒదిగి ఉంటుంది. రెంటికీ నడుమ గట్టి పొర ఒకటి గుడారంలా పరుచుకుని ఉంటుంది. ముందువైపు మెదడుకాండానికి (మెదడును వెన్నుపాముతో కలిపే భాగానికి) మూడు జతల నరాల కట్టలతో అతుక్కుని ఉంటుంది.

దీని ఇంగ్లిష్ పేరు ‘సెరిబెల్లం’. లాటిన్‌లో ఆ మాటకు చిన్న సెరిబ్రం, అంటే చిన్న మెదడు అని అర్థం. అంటే ‘చిన్నమెదడు’ దానికి అచ్చమైన తెలుగు. తమిళంలోనూ ‘సిఱుమూళై’ అనే అంటారు. వాళ్ల మూళై (మెదడు), మన మూలుగ (ఎముకలోపలి గుజ్జు) తోబుట్టువులు.

మరొకరు: ఆ తిట్టు గురించి నాలుగు మాటలు. బుద్ధి మందగించిందన్న అర్థంలో వాడతారు గానీ, చిన్నమెదడు దెబ్బతింటే మొదట పోయేది కుదురు. బరువు 150 గ్రాములు, మెదడు మొత్తంలో దాదాపు పదోవంతు. అయినా మెదడులోని సుమారు 8,600 కోట్ల న్యూరాన్లలో (నాడీకణాల్లో) 6,900 కోట్ల దాకా ఇందులోనే ఉన్నాయి!

‘కదులు’ అని ఆజ్ఞ ఇచ్చేది పెద్దమెదడు. ఆ ఆజ్ఞనూ, కండరాల నుంచీ లోపలిచెవి నుంచీ వచ్చే కబురునూ పోల్చి తేడా దిద్దేది చిన్నమెదడు. ఆ దిద్దుబాటు తప్పితే గ్లాసు కోసం చాచిన చెయ్యి దాన్ని దాటిపోతుంది, లేదా ముందే ఆగిపోతుంది. గ్లాసు దగ్గరపడేకొద్దీ వణుకు పెరుగుతుంది. పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బులో ఇందుకు భిన్నం, చెయ్యి ఒళ్లో ఊరికే ఉన్నప్పుడే వణుకు ఎక్కువ. అందుకే చిన్నమెదడును పరీక్షించడానికి డాక్టరు తన వేలిని చోటు మారుస్తూ, రోగిని ఒకసారి ఆ వేలినీ ఒకసారి సొంత ముక్కునూ తాకమంటారు.

ఇంకో సంగతి. పెద్దమెదడు ఎడమవైపు దెబ్బతింటే కుడి చెయ్యి పడిపోతుంది. చిన్నమెదడులో అలా కాదు, కుడివైపు దెబ్బకు కుడి చెయ్యే తడబడుతుంది. నడిమి భాగం పాడైతే కూర్చున్నా నడుము నిలవదు, కాళ్లు ఎడంగా పెట్టి తూలుతూ నడుస్తారు. మాట ముక్కలుముక్కలుగా వస్తుంది. తాగినవాడి తూలుకూ చాలావరకు కారణం చిన్నమెదడు పట్టుతప్పడమే.

ఉన్నట్టుండి కళ్లు తిరిగి, వాంతులై, నిలబడలేకపోతుంటే పైత్యమని ఇంట్లో పడుకోబెట్టకండి. చిన్నమెదడుకు రక్తం అందకపోయినా ఇలాగే ఉంటుంది. తర్వాత వాపు వస్తే పక్కనున్న మెదడుకాండం నొక్కుకుపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న అడిగినవారు: చాలా సంతోషమండీ, ‘ణ’ దిద్దిస్తాను. మరి మజ్జాముఖం (మెదడుకాండం అడుగుభాగం, ఇంగ్లిష్‌లో మెడుల్లా) అన్న మాటలోని మజ్జ?

జవాబు: అదీ మూలుగేనండీ. లాటిన్ ‘మెడుల్లా’కు అర్థం కూడా మూలుగే.