ఉలుగురు కొండల్లో గోరంత కప్ప: కొత్త జాతేనా, మన తొందరేనా?

కొండదారి:
నేను టాంజానియాలో, మొరొగొరోలో ఉంటాను. పోయిన వారం ఉలుగురు కొండ ఎక్కుతుంటే ఎండుటాకుల్లో గోరంత కప్ప కనిపించింది. గోధుమ రంగు, వీపు మీద డమరుకం లాంటి మచ్చ, మూడో వేలు మాత్రం వింతగా పొడుగు. నా దగ్గరున్న పుస్తకంలో ఏ బొమ్మతోనూ కలవట్లేదు. కొత్త జాతే అంటాను, కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

బురదకాళ్లు:
కాదు. ఆ పొడుగు వేలు ఆర్థ్రోలెప్టిస్ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) మగకప్పలకు మామూలే, ఆ మచ్చ కూడా. అందులో జెనోడాక్టిలాయిడిస్ అనే రకం టాంజానియా నుంచి జింబాబ్వే దాకా ఉంది, రంగులో ఒకదానికీ ఇంకోదానికీ పోలికే ఉండదు. ఫొటో చూసి కొత్తదంటే రోజుకో జాతి పుడుతుంది. అరుపు రికార్డు చేశారా?

చిత్తడి:
అరవకపోతే జాతి కాదా అండీ? టాంజానియాలోనే ఉకగురు (ఉలుగురు కాదు) కొండల్లో దొరికి 2023లో పేరు పెట్టించుకున్న హైపెరోలియస్ ఉకగురుయెన్సిస్ అనే కప్ప అసలు అరవదు. అంతెందుకు, గుడ్లు పెట్టకుండా పిల్లల్నే కనే నెక్టోఫ్రినాయిడిస్ వివిపారస్ అనే కప్పను 1905 నుంచి ఒకే జాతి అనుకున్నాం, 2025లో అందులోంచి మూడు కొత్తవి తేలాయి.

బురదకాళ్లు:
అవి ఫొటోల్లోంచి తేలలేదు కదా! ఎప్పుడో వందేళ్ల కిందట మ్యూజియం సీసాల్లో పెట్టిన వాటి డీఎన్ఏ తీసి, వందల నమూనాలు కొలిచి తేల్చారు. నేననేదీ అదే.

వానపాట:
అంటే దొరికిన ఒక్కదాన్నీ చంపి సీసాలో వెయ్యాలన్నమాట. టాంజానియాలోనే కిహాన్సి అనే చోట దొరికిన కిహాన్సి కప్ప గుర్తుందా? 1996లో ఒక్క జలపాతం తుంపరల కింద కనిపించింది, 2009కి అడవిలో లేకుండా పోయింది.

బురదకాళ్లు:
దాన్ని సీసా చంపలేదండీ. కరెంటు కోసం డ్యామ్ కట్టి నీళ్లు మళ్లించారు, పైగా ఫంగస్ తగులుకుంది. అప్పటికే దాన్ని గుర్తించి పేరు పెట్టారు కాబట్టే 2000లో కొన్నిటిని అమెరికా జూలకు తీసుకెళ్లి బతికించగలిగారు. చంపమని నేననట్లేదు, చర్మం మీద దూది పుల్ల రుద్దినా డీఎన్ఏ వస్తుంది. కాకపోతే దానికీ అనుమతి కావాలి, మనలాంటి వాళ్లు జేబులో వేసుకొచ్చే వ్యవహారం కాదు.

కొండదారి:
నేనైతే అక్కడే వదిలేశా. ఎంత ఎత్తులో కనిపించిందో కూడా రాసుకోలేదు, తిట్టండి. ఫొటోలు ఇక్కడి యూనివర్సిటీలో ఒకాయనకు పంపాను, ఆయన అడిగిన మొదటి మాట "పక్కన స్కేలు ఎందుకు పెట్టలేదు?"