సమోసిర్‌లో కొన్న కర్ర, వెదురు బొంగు: ఇంట్లో పెట్టుకోవచ్చా?

ప్రశ్న: పోయిన నెల సుమత్రా వెళ్లాం. తోబా సరస్సులో సమోసిర్ దీవి ఉంది కదా, అక్కడ తోమోక్ బజార్లో రెండు వస్తువులు కొన్నాను. ఒకటి, మనిషి బొమ్మలు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కినట్టు చెక్కిన కర్ర. రెండోది వెదురు బొంగు, దాని చుట్టూ గళ్లు, మధ్యలో తేలు బొమ్మలు. అక్కడి బతక్ తెగ మంత్రగాళ్ల సామాను అన్నాడు కొట్టతను. కర్ర చూసిన దగ్గర్నుంచి అమ్మకి ఒకటే టెన్షన్. "ఎవరి చేతబడి సామానో, బయట పెట్టు" అంటోంది. రెండూ ఇప్పుడు బాల్కనీలో ఉన్నాయి.

జవాబు 1: ఎంతకిచ్చాడండీ? బేరమాడారా అసలు?

జవాబు 2: సుమత్రాలోనే మెడాన్ నగరంలో ఆరేళ్లు ఉన్నాను కాబట్టి చెప్తున్నా. కర్ర పేరు తుంగ్గల్ పనాలువాన్. కవలలైన అన్నాచెల్లెళ్లు తప్పు చేసి ఒక చెట్టుకి అతుక్కుపోయారట. విడిపించడానికి వచ్చిన దాతులు కూడా ఒకరి తర్వాత ఒకరు అతుక్కున్నారట. అందుకే కర్ర నిండా మనుషులు. దాతు అంటే వాళ్ల పూజారి, వైద్యుడు, జోస్యుడు, అన్నీ ఒక్కడే. చెక్కినంత మాత్రాన కర్రకి శక్తి రాదు. గుంత తొలిచి పుపుక్ అనే మందు కూరాలి. బొమ్మల ఒంట్లో మూసిన గుంత ఉందేమో చూడండి. తోమోక్‌లో దొరికేవి ఎక్కువగా టూరిస్టుల కోసం చెక్కినవే.

అసలు సరుకు ఆ బొంగు! పొర్హలాన్ అంటారు, అంటే వాళ్ల పంచాంగం. గళ్లు లెక్కపెట్టండి, మామూలుగా 12 వరసలు, వరసకి 30 ఉంటాయి. తేదీ కోసం కాదు, మంచిరోజు చూడటానికి. తేలు బొమ్మ ఉన్న గడి రోజున శుభకార్యం పెట్టుకోరు. వాళ్ల రోజుల పేర్లు పైకి చదవండి: అర్తియా, సుమా, అంగ్గారా, ముడా, బొరస్పతి, సింగ్కొరా, సమిసరా. ఆదిత్య, సోమ, అంగారక, బుధ, బృహస్పతి, శుక్ర, శనైశ్చర! మొదటిసారి విన్నప్పుడు నేను నవ్వాపుకోలేకపోయాను. దాతు రాసుకునే చెట్టు బెరడు పుస్తకాన్ని కూడా పుస్తహా అనే అంటారు. దాని అట్ట మీద తరచు బల్లి ఉంటుంది, అది వాళ్ల భూదేవత రూపం, ఆ దేవత పేరు కూడా బొరస్పతే. మన పంచాంగంలో బల్లిపాటు చూసేవాళ్లకి ఇది బాగా నచ్చుతుంది.

ప్రశ్న అడిగినవారు: గుంత లేదండీ, అంతా గట్టి చెక్కే. బృహస్పతి పేరు వినగానే అమ్మ బొంగుని తెచ్చి టీవీ పక్కన పెట్టింది. కర్ర మాత్రం ఇంకా బాల్కనీలోనే.