తాతయ్య రేకు పెట్టెలో దొరికిన ఫోటోలు, ఏ సంవత్సరంవో ఎలా తేల్చాలి?

కొత్తపేట కుర్రాడు
అందరికీ నమస్తే అండి. గుంటూరు కొత్తపేటలో మా తాతయ్య వాళ్ళ ఇల్లు అమ్మేస్తున్నాం, అటక మీద రేకు పెట్టెలో పాత ఫోటోలు బోలెడు దొరికాయి. మా పేట పాత ఫోటోలన్నీ ఒకచోట పోగేసి ఇంటింటి కథ రాద్దామని నేనూ ఇద్దరు ఫ్రెండ్సూ ఎప్పట్నించో అనుకుంటున్నాం, అందుకని వీటిని ఊరికే స్కాన్ చేసి పడేయకుండా ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అనేది సరిగ్గా రాయాలని ఉంది. మూడు ఫోటోల దగ్గర ఆగిపోయా.

ఒకటి మందపాటి అట్ట మీద అంటించిన స్టూడియో ఫోటో. నానమ్మ కుర్చీలో, తాతయ్య పక్కన నిలబడి, నానమ్మ ఒళ్ళో చంటిపిల్లాడు, వాడు మా పెదనాన్న. వెనక పెన్సిల్‌తో ఏదో రాసుంది కానీ "విజయ ఫాల్గుణం" అన్నంతవరకే చదవగలుగుతున్నా. విజయ ఎవరో మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

రెండోది కృష్ణ ఇసుకలో నిలబడ్డ మగవాళ్ళూ ఆడవాళ్ళూ, వెనక బ్యారేజీ, ఎడమ పక్కన కొండ. ఇది 56 పుష్కరాలు, దుర్గ గుడి వైపు ఒడ్డు అని మా మేనత్త బల్ల గుద్ది చెప్తోంది.

మూడోది మా తాతమ్మ పెద్ద ఫోటో, ఫ్రేము కట్టి దండ వేసి ఉండేది. ఆవిడ దేశానికి స్వాతంత్య్రం రాకముందే పోయారట, ఫోటో చూస్తే మాత్రం నిన్న కడిగించినట్టుంది!

డార్క్‌రూమ్ బాబాయ్
బెజవాడలో చాలాకాలం స్టూడియో పని చేశాను బాబూ, మీ తాతమ్మగారి సంగతి ముందు చెప్తా. ఫోటో వెనకవైపు ప్లాస్టిక్‌లా నున్నగా ఉందా? ఉంటే అది ఆర్‌సీ పేపరు, అంటే ప్లాస్టిక్ పూత వేసిన ఫోటో కాగితం, మన స్టూడియోల్లోకి 70ల నుంచే వచ్చింది, అంటే ఆవిడ పోయిన పాతికేళ్ళకో ముప్పయ్యేళ్ళకో కడిగిన ఫోటో అది. ఇందులో వింతేం లేదు, మాకు సగం పని ఇదే ఉండేది. ఇంట్లో పెద్దావిడకి విడిగా ఫోటో ఉండదు, ఏ పెళ్ళి గ్రూపులోనో వెనక వరసలో ఉంటుంది, ఆ ఫోటో పట్టుకొచ్చి బాబూ ఈ మొహం ఒక్కటే పెద్దది చేసివ్వు అనేవాళ్ళు, మేం దాన్ని మళ్ళీ ఫోటో తీసి పక్కవాళ్ళ భుజాలూ చేతులూ బ్రష్షుతో కప్పేసి, బొట్టు దిద్ది, కళ్ళు కాస్త తెరిపించి ఎన్‌లార్జ్ చేసేవాళ్ళం. కాబట్టి కాగితం వయసు వేరు, మనిషి ఫోటో దిగిన రోజు వేరు, రెండూ విడివిడిగా రాసుకో. భుజం అంచు దగ్గర భూతద్దం పెట్టి చూడు, టచింగ్ చేసిన చోటు తెలిసిపోతుంది. అసలు గ్రూప్ ఫోటో ఆ పెట్టెలోనే అడుగున ఉండొచ్చు, చిన్నదని పారేయొద్దు.

ఇంకోటి, వెనక వైపులన్నీ చూడు. కాగితం వెనక "ఇందు" అని అచ్చు ఉంటే ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిలిమ్స్ వాళ్ళది, అక్కడ తయారీ మొదలైందే 1967లో. స్టూడియో ముద్రలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాత. అట్ట మీద ఉబ్బెత్తుగా నొక్కిన స్టూడియో ముద్ర (ఎంబోజింగ్) అరిగిపోయి పేరు కనబడకపోతే గది చీకటి చేసి టార్చ్ పక్క నుంచి వాలుగా కొట్టు, చెరిగిన పెన్సిల్ రాత కూడా కొంచెం తేల్తుంది. గాజుకి అంటుకుపోయినవి మాత్రం పీకకు, గాజు మీద నుంచే ఫోటో తీసుకో. లామినేషన్ అసలే వద్దు, దాంతో నాశనమైన ఫోటోలు ఎన్ని చూశానో.

గవర్నర్‌పేట జ్యోతి
విజయ మనిషి కాదండీ 😄 సంవత్సరం పేరు. మన అరవై పేర్లలో విజయ, 2013 ఉగాదికి వచ్చింది చూడండి, దానికి ముందుది 1953 ఉగాది నుంచి 1954 ఉగాది దాకా. ఇక్కడ చాలామంది విజయ అంటే 1953 అని రాసేసుకుంటారు, ఫాల్గుణం సంవత్సరం చివర్లో వచ్చే నెల కాబట్టి ఇంగ్లీషు లెక్కలో 1954 మార్చి అవుతుంది. అంతకు ముందు విజయ 1893, మీ తాతయ్య అప్పటికి పుట్టి ఉండరు కాబట్టి ఆ గొడవ లేదు.

పెదనాన్నగారు ఎప్పుడు పుట్టారు? చంటిపిల్లలున్న ఫోటో దొరకడం అదృష్టం, పెద్దవాళ్ళ మొహం చూసి పదేళ్ళు అటూ ఇటూ చెప్తాం గానీ ఒళ్ళో పిల్లాడి వయసు నెలల్లో చెప్పొచ్చు.

కొత్తపేట కుర్రాడు
అమ్మో, మేం ఆ విజయ కోసం చుట్టాలందరికీ ఫోన్లు చేస్తున్నాం 🙏 కానీ ఓ తిరకాసు ఉంది, పెదనాన్న సర్టిఫికెట్‌లో 1-7-1952 అని ఉంది. ఫోటోలో పిల్లాడికి ఐదారు నెలలు మించవు, పడిపోకుండా నానమ్మ రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. 1954 మార్చి అయితే పరిగెత్తే వయసు కదా.

గవర్నర్‌పేట జ్యోతి
జూలై 1 అంటే బడిలో పంతులుగారు వేసిన పుట్టినరోజు అండి, మా ఇంట్లోనే ముగ్గురున్నారు! బళ్ళో తొందరగా వేయడానికి వయసు ఎక్కువ చెప్పేవాళ్ళు, వాళ్ళు జూలై 1 పెట్టేసేవాళ్ళు. జాతకం రాయించి ఉంటారు కదా, అది వెతకండి, అందులో సంవత్సరం, తిథి, నక్షత్రం ఉంటాయి. విజయ సంవత్సరంలోనే పుట్టినట్టు ఉంటే ఇక సందేహమే లేదు. అన్నట్టు ఆ పెట్టెలో లాయర్లు, కోర్టు గుమాస్తాల గ్రూప్ ఫోటోలేమైనా ఉంటే విడిగా పెట్టండి, 1954 నుంచి 56 దాకా ఆంధ్ర హైకోర్టు గుంటూరులోనే ఉండేది, అప్పటివైతే మీ పేట కథకి బంగారం.

తాడేపల్లి వాసు
కృష్ణ ఫోటోకి వస్తా. పాత ఆనకట్ట 1855ది, అది 1952లో తెగింది, ఇప్పుడున్న బ్యారేజీ పని 1954లో మొదలై 57లో అయింది. మీ ఫోటోలో పైన రోడ్డూ గేట్లూ అన్నీ పూర్తిగా కనబడుతుంటే 56 కాదు, అత్తగారికి చెప్పండి. ఆ తర్వాత పుష్కరాలు 1968, 1980. కానీ నన్నడిగితే పుష్కరాలే కాదు, అప్పుడు ఏట్లో నీళ్ళుంటాయి, జనం ఒకరి మీద ఒకరు పడుతుంటారు, ఇంత ఇసుక బయటపడి ఇంత తీరిగ్గా నిలబడ్డారంటే ఎండాకాలం ఏదో ఆదివారం.

ఇంకో సంగతి, గేట్ల ముందు ఇసుక ఉందంటే బ్యారేజీకి కిందివైపు నిలబడి ఎగువకి, అంటే పడమరకి చూస్తూ తీసిన ఫోటో. అలా చూస్తే దుర్గ గుడి కొండ కుడి చేతి వైపు ఉండాలి. మీకు ఎడమ వైపు ఉందంటే అది సీతానగరం కొండ, మా ఒడ్డు!

కొత్తపేట కుర్రాడు
అత్తకి చదివి వినిపించా, 56 కాకపోతే కాకపోనీ గానీ సీతానగరం మేమెప్పుడూ వెళ్ళలేదు, దుర్గమ్మ దర్శనం చేసుకుని ఇసుకలోకి దిగాం అంటోంది. కోపం కూడా వచ్చింది.

డార్క్‌రూమ్ బాబాయ్
అత్తగారి మాట అంత తేలిగ్గా కొట్టేయకండి. నెగటివ్ తిరగేసి పెట్టి ప్రింట్ వేస్తే కుడి ఎడమ అవుతుంది, హడావిడిలో మా దగ్గర కూడా జరిగేది, స్టూడియో ఫోటో అయితే ఎవడూ కనిపెట్టడు కూడా. ఆడవాళ్ళ పైట ఏ భుజం మీద ఉందో చూడు.

గవర్నర్‌పేట జ్యోతి
పైట ఒక్కటే చూసి తేల్చకండి బాబాయ్ గారూ, కుడి పైట వేసేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు అప్పట్లో. మగవాళ్ళ చొక్కా జేబు చూడండి, ఎడమ వైపే కుడతారు. వాచీ కూడా.

కొత్తపేట కుర్రాడు
600 డీపీఐలో మళ్ళీ స్కాన్ చేసి చూశా. ముగ్గురికి జేబులు కనబడుతున్నాయి, మూడూ కుడి వైపే! ఫోటోలో ఉన్న మా సొంత బాబాయ్‌కి వాచీ కుడి చేతికి, ఆయన కుడిచేత్తోనే రాసేవాడు, వాచీ ఎప్పుడూ ఎడమ చేతికే. కంప్యూటర్‌లో తిప్పితే కొండ కుడి పక్కకి వచ్చింది. అత్త చెప్పిన ఒడ్డు కరెక్టే, సంవత్సరం ఒక్కటే తేడా.

తాడేపల్లి వాసు
సరే, ఒడ్డు మీదే 😀 తిప్పిన కాపీ వేరే పేరుతో దాచండి, అసలు స్కాన్ అలాగే ఉంచండి. అందులో చిన్నపిల్లలెవరన్నా ఉన్నారా? 57 తర్వాత అంటే మరీ వదులుగా ఉంది, ఇంకొంచెం బిగించొచ్చు.

కొత్తపేట కుర్రాడు
ఒక పాప ఉంది లంగా జాకెట్టులో, ముందు పళ్ళు ఊడి. అది తనే అంటోంది అత్త. తన జాతకం కూడా పెదనాన్నది ఉన్న సంచిలోనే ఉందట, తెనాలిలో, ఆదివారం వెళ్తున్నా.