బెంగళూరులో పాత టాటా ఎస్టేట్ కారు కొంటున్నా, కర్నూలు దాకా నడుపుకుంటూ రావచ్చా?

కొండారెడ్డి బురుజు:
అందరికీ నమస్కారం. బెంగళూరులో ఒక పెద్దాయన దగ్గర 1996 టాటా ఎస్టేట్ ఉంది. బాడీ గట్టిగానే ఉంది, వెనక డోరు కింద మాత్రం కాస్త తుప్పు తినేసింది. ఆయన నడపడం మానేశాక బండి షెడ్డులోనే ఉండిపోయింది, అప్పుడప్పుడు స్టార్ట్ చేసి ఆపడమే. మా మేనమామకు ఇదే బండి ఉండేది. వెనక సీటు మడిచి పిల్లలమంతా అందులోనే పడుకుని తిరుపతి వెళ్లేవాళ్లం. అందుకే దీని మీద నుంచి మనసు పోవట్లేదు. లారీ మీద వేసి తెప్పించమంటున్నారు ఇంట్లో. నాకేమో నడుపుకుంటూ రావాలని ఉంది. దాదాపు 360 కిలోమీటర్లు. ఏమేం చేయించాలి?

గుత్తి కోట:
ముందు కాగితాలు చూడండి. 15 ఏళ్లు దాటిన బండి కదా, ఆర్సీ రెన్యువల్ చేయించారా, ఎప్పటిదాకా ఉంది? ఛాసిస్ నంబరు మీరే ఆర్సీతో పోల్చుకోండి. వేరే రాష్ట్రానికి తీసుకెళ్లడానికి ఆర్టీవో ఇచ్చే ఫారం 28 ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆయన సంతకాలతో పేరు మార్పిడి ఫారాలు 29, 30 చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. ఇన్సూరెన్స్ లేకుండా గేటు కూడా దాటించొద్దు.

డీజిల్ బాబాయ్:
బాబూ, ఇంజన్ గురించి టెన్షన్ పడకు. 1948 సీసీ డీజిల్, తర్వాత సుమోలో వచ్చిందీ అదే. సామాన్లు దొరుకుతాయి. దొరకనివల్లా అద్దాలు, టెయిల్ ల్యాంపులు, బీడింగులు (డోర్ల అంచుల రబ్బర్లు). అవి ఎలా ఉన్నాయో చూసి రేటు మాట్లాడు.

ఆగిపోయిన బండి జబ్బులు వేరు. ట్యాంకు అడుగున చేరిన మడ్డి షెడ్డులో ఉన్నంతకాలం ఏమీ చేయదు. రోడ్డెక్కి నాలుగు కుదుపులు తగిలితే కదిలి ఫిల్టర్‌లో అడ్డం పడుతుంది, బండి లాగదు. ట్యాంకు దింపించి కడిగించు. కొత్త ఫిల్టర్ వేయించి, ఇంకొకటి వెంట పెట్టుకో. డీజిల్ లైన్లో గాలి చేరితే చేతి పంపు కొట్టి ఎలా తీయాలో మెకానిక్ ముందే నీ చేత్తో చేసి నేర్చుకో.

బ్రేకుల దగ్గర బేరాలొద్దు. ఆయిల్ మొత్తం మార్చాలి, రబ్బరు హోసులు కొత్తవి పడాలి, డ్రమ్ములు విప్పి వీల్ సిలిండర్లు కారుతున్నాయేమో చూడాలి. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి: 2314 అంటే 2014లో 23వ వారం. బటన్ (పైన గాళ్లు) ఎంత బాగున్నా అంత పాత టైరును ఎండలో హైవే మీద నమ్మలేం. రేడియేటర్ హోసులు, ఫ్యాన్ బెల్టు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక చక్రాలను తిప్పే రాడ్డు) క్రాసులకు గ్రీజు కూడా చూసుకో. పెయింటు ఇంటికొచ్చాక.

ఇంకోటి, ఇలాంటి బండ్లకే ఉన్న బెడద. వెనక డోరు బీడింగ్ పోయినా, కింద తుప్పుకు చిల్లులు పడ్డా సైలెన్సర్ పొగ లోపలికి లాక్కుంటుంది. నువ్వు చెప్పిన తుప్పు సరిగ్గా అక్కడే ఉంది. అది మూయించేదాకా వెనక ఎవరినీ పడుకోబెట్టకు.

కొండారెడ్డి బురుజు:
చాలా థాంక్స్ బాబాయ్. ఆర్సీ 2027 దాకా ఉందట. ఏసీ పనిచేయదు, ఎప్పుడు బయలుదేరమంటారు?

డీజిల్ బాబాయ్:
ముందు రోజు ఊళ్లోనే ఓ నలభై కిలోమీటర్లు తిప్పు, ఏదైనా కారితే అక్కడే తెలుస్తుంది. తెల్లవారుజామున బయలుదేరి చిక్కబళ్లాపురంలో ఆగు. నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడు, తాకకుండానే వేడి తెలుస్తుంది. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి కాగుతుంటే బ్రేకు పట్టేసినట్టు, లేదా బేరింగ్ పోతున్నట్టు. అక్కడి నుంచి కదలకు. టెంపరేచర్ ముల్లు ఎక్కితే పక్కకు తీసి ఆపు, వేడి మీద రేడియేటర్ మూత విప్పొద్దు. స్పీడు 80 దాటించకు. బాగేపల్లి దాటాక నాకు మెసేజ్ పెట్టు, నేను అనంతపురంలోనే ఉంటా, ఒకసారి కింద దూరి చూసి పంపిస్తా.