అప్‌డేట్: బైక్ అలారం పేజర్ ఛార్జింగ్‌దా, సెల్ వేసేదా – తేలింది

అమలాపురంలో వాడటానికి బైక్ అలారం పేజర్ (బండిని ఎవరైనా కదిపితే మన దగ్గర మోగే చిన్న రిమోట్) ఛార్జింగ్‌ది మంచిదా, సెల్ వేసేదా అని, సెల్ దాంట్లో లో బ్యాటరీ గుర్తు ఊరికే ఎందుకు వస్తోందని ఇక్కడే అడిగాను. సలహాలిచ్చినవాళ్లందరికీ థాంక్స్.

సెల్ పేజరే ఖాయం. తుఫానుకి కరెంటు పోయినా కిరాణా కొట్లో ట్రిపుల్ ఏ సెల్ దొరుకుతుంది. ఛార్జింగ్ దాంట్లో లిథియం బ్యాటరీ చాలా వరకు లోపలే టంకం పెట్టి ఉంటుంది, అది నీరసిస్తే షాపుకి పరిగెత్తాల్సిందే.

గుర్తు సంగతి. రీఛార్జబుల్ సెల్ వేయమన్న సలహా ఇక్కడ పనికిరాలేదు. మామూలుగా అది 1.2 వోల్టులే. 1.5 వోల్టుల ఆల్కలైన్‌కి లెక్కకట్టిన పేజర్, అది నిండుగా ఉన్నా అయిపోయిందనే అంటుంది. ఆల్కలైన్ వేస్తే చాలావరకు తగ్గింది. మిగతాది రిపేరు షాపులో తేలింది: మైనస్ వైపు స్ప్రింగు అడుగున ఆకుపచ్చ కిలుము. మన ఉప్పుగాలికి మామూలేనట. సన్న గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ముంచిన దూదితో తుడిచి ఆరబెట్టారు. ఇక గుర్తు రాలేదు.

యాంటెన్నా వైరు పొడిగించడం, బండి 12 వోల్టుల బ్యాటరీ మార్చడం దీనికి సంబంధం లేనివి. ఆ గుర్తు పేజర్‌లోని సెల్‌దే. బండి చాన్నాళ్లు తీయకపోతే సెల్ బయటపెట్టండి, లోపల కారితే స్ప్రింగు మళ్లీ పోతుంది.